ఇప్పుడు నువ్వేం జేస్తవ్?

శనివారం రాత్రి తొమ్మిదింటికి చిల్పూరులో మా ఇంటి వెనక గదిలో తలుపు దగ్గరికేసి కూర్చుంటాను. ముందర ఒక స్టీలు పళ్ళెం, అందులో నాలుగు గవ్వలు, పక్కన పిడికెడు చింతగింజలు. చెవులకు హెడ్‌ఫోన్. అప్పుడు డల్లాస్‌లో ఉదయం పదిన్నర. చలికాలం అక్కడ గడియారాలు వెనక్కి తిప్పుతారు కాబట్టి తొమ్మిదిన్నర. మా చిన్నమ్మ కొడుకు కాఫీ కప్పుతో వచ్చి "అక్కా, ఇనవడుతుందా?" అంటాడు. హైదరాబాద్ హాస్టల్ నుంచి నా దగ్గర పదో తరగతి దాకా లెక్కలు నేర్చుకున్న అమ్మాయి వస్తుంది. ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. హన్మకొండ నుంచి నా కాలేజీ స్నేహితురాలు వస్తుంది. భివండి నుంచి మా వాడకట్టు వాళ్ళ మనుమడు వస్తాడు. వాడు మైకు తెరిస్తే వాడి గొంతుకంటే ముందు పవర్‌లూమ్ మగ్గాల చప్పుడు వినిపిస్తుంది.

అందరూ వచ్చాక నేను మొదలుపెడతాను. "పొద్దుగూకింది. తాళ్ళ నడుమ కల్లు మండువ. ఆఖరి లొట్టి దించుతున్నరు. దూరంగ గుర్రాల డెక్కల సప్పుడు. ఒకటి కాదు, పది పదిహేను. మండువల కూసున్నోళ్ళందరు ఒక్కసారే మాట బందు జేసిండ్రు. ఇప్పుడు నువ్వేం జేస్తవ్?"

ఈ ఆటలో నేను చేసే పనంతా ఆ చివరి ప్రశ్న చుట్టే తిరుగుతుంది. ఒకరు లొట్టి వెనక దాక్కుంటానంటారు. ఒకరు ఎదురుపోయి సలాం కొడతానంటారు. వాళ్ళు చెప్పినదాన్ని బట్టి తర్వాతి సంగతి నేను చెప్పాలి. ముందే రాసిపెట్టుకున్న ముగింపు నా దగ్గర లేదు.

దీన్ని ఇంగ్లిష్‌లో టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటారు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ పేరుతో అచ్చు వేశారు. బల్ల మీద బొమ్మ సైనికులతో యుద్ధాలు ఆడుకునేవాళ్ళు సైన్యాన్ని వదిలి ఒక్కో మనిషిని పట్టుకోవడంతో పుట్టిన ఆట ఇది. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర అవుతారు. ఒక పని అవుతుందో కాదో తెలియనప్పుడు పాచిక వేస్తారు. గెలిచేవాళ్ళూ ఓడేవాళ్ళూ ఉండరు, పందెం ఉండదు. పదేళ్ళ పైచిలుకుగా ఇది ఇంటర్నెట్ మీదికి కూడా వచ్చింది. 2012లో రోల్20, 2020లో ఫౌండ్రీ లాంటి వేదికలు పటాన్నీ పాచికలనూ తెర మీద పెట్టాయి. 2015లో వచ్చిన డిస్కార్డ్‌లో గొంతు కలిస్తే చాలు, ప్రపంచంలో ఎక్కడున్నవాళ్ళైనా ఒకే బల్ల చుట్టూ కూర్చున్నట్టే.

నేను ఈ ఆటలోకి 2020 లాక్‌డౌన్‌లో వచ్చాను. బడి మూతబడింది. తమ్ముడు డల్లాస్‌లో తన ఆఫీసు స్నేహితులతో ఆడే ఆటలో నన్నూ కూర్చోబెట్టాడు. వాళ్ళంతా మంచి పిల్లలు. తొందరపెట్టకుండా నియమాలు చెప్పారు, పాత్ర తయారుచేసి ఇచ్చారు. కానీ ఆట మొదలై "వాట్ డు యూ డూ?" అని అడిగితే నా నోట మాట రాలేదు. చెప్పింది అర్థం కాక కాదు. ఇంగ్లిష్ కథలు చదువుతాను, తరగతిలో రోజుకు ఆరు పీరియడ్లు గొంతు ఎండేలా మాట్లాడతాను. అయినా వాళ్ళ సత్రంలో, ఆ కొయ్య పీపాల మధ్య, గడ్డాల మరుగుజ్జు వీరుల పక్కన నా పాత్ర ఏ మాట అనగలదో నాకు తోచలేదు. ఆరు వారాలు నేను చెప్పిన సమాధానం ఒక్కటే: నేనూ వాళ్ళ వెంట వెళ్తాను.

ఏడో వారం మా పాత్రలు ఒక ముసలామె ఇంట్లో తలదాచుకున్నాయి. ఆమె బిడ్డ జ్వరంతో పడి ఉంది. నన్ను అడిగారు. అలసిపోయి ఉన్నానేమో, తెలుగులోనే వచ్చేసింది. "ముందుగాల ఆ పిల్ల నుదురు మీద తడిగుడ్డ ఎయ్యాలె. అవ్వా, ఇంట్ల శొంఠి ఉన్నదా? నువ్వు ఎప్పుడు తిన్నవ్?" తమ్ముడు దాన్ని మిగతావాళ్ళకు ఇంగ్లిష్‌లో చెప్పాడు. ఆ రాత్రి నా పాత్ర మొదటిసారి నడిచింది, అడిగింది, కోప్పడింది. ఫోను పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆరు వారాలు నా పాత్ర ఎందుకు మూగగా ఉందో అప్పటికి తెలిసింది.

ఈ వ్యాసంలో నేను అడిగేది ఆ రాత్రి నుంచి పుట్టిందే. ఈ ఆటను మన మాటలో, మన గుట్టల మీద, మన తొవ్వల్లో ఆడదాం. మన పిల్లల చేత ఆడిద్దాం.

ఇది మన పెద్దలకు ఎప్పుడో తెలుసు అని నేననను. ఒగ్గు కథ ఒగ్గు కథే, ఇది ఇదే. కానీ కథ చెప్పేవాడికీ వినేవాడికీ మధ్య ఉండాల్సిన చనువు ఎలా ఉంటుందో నేను నేర్చుకుంది ఒగ్గు కథ దగ్గరే. 2017లో కన్నుమూసిన ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్య గారిది మా జిల్లా మాణిక్యాపురం. డోలు, తాళం నడుమ మల్లన్న కథ నడుస్తుంటే పక్కనున్నవాడు ఊరికే ఊఁ కొట్టడు. మధ్యలో ఆపుతాడు, "గదెట్ల?" అని అడ్డుప్రశ్న వేస్తాడు, చెప్పినదాన్ని ఎక్కిరిస్తాడు. ఆ ప్రశ్న వల్లే కథకుడు కొత్త మాట వెతుక్కుంటాడు. అయితే ఒగ్గు కథలో ఎవరెన్ని అడిగినా మల్లన్న కథ మల్లన్న కథలాగే ముగుస్తుంది. నా బల్ల దగ్గర అలా కాదు. అడ్డుప్రశ్న వేసినవాడు కథనే పక్క తొవ్వలోకి లాక్కుపోతాడు. కథకురాలిగా మొదట్లో నాకది కష్టమైంది. లెక్కల టీచర్‌ని, జవాబు ముందే తెలిసి ఉండడం అలవాటు.

మా కథ 1707లో మొదలవుతుంది. ఆ ఏడు మార్చిలో ఔరంగజేబు చనిపోయాడు. వారసులు గద్దె కోసం కొట్టుకుంటున్నారు. మా ప్రాంతంలో సర్వాయి పాపన్న అప్పటికే కోటలు కట్టి మనుషుల్ని కూడగడుతున్నాడు. ఆయన కోట ఖిలాషాపురం మాకు దూరం కాదు, మా జిల్లాలోనే రఘునాథపల్లి మండలంలో ఉంది. మరుసటి ఏడు, 1708లో, మొహర్రం వేళ ఓరుగల్లు మీద పడ్డాడు. 1709లో భువనగిరి, 1710లో చావు. పారశీకంలో రాసిన ఖాఫీఖాన్ లాంటి మొగలు చరిత్రకారులకు ఆయన బందిపోటు. పాట పాడుకున్న జనానికి వీరుడు. ఆ గాథను జె.ఎ. బాయిల్ అనే ఇంగ్లిష్ వాడు 1874లో ‘ఇండియన్ యాంటిక్వరీ’లో అచ్చు వేయించాడు.

ఆటకు ఇంతకంటే మంచి నేల ఉంటుందా? ఒకే మనిషి గురించి రెండు కథలున్నాయి. మా పాత్రలు ఆ రెండింటి మధ్య నిలబడి ఉన్నాయి. పాపన్న మనుషులు రాత్రి మీ ఇంటి తలుపు కొట్టి వడ్లు అడిగితే ఇస్తారా? ఇచ్చినందుకు తెల్లారి ఫౌజుదారు మనుషులు వస్తే ఏం చెప్తారు? పాఠ్యపుస్తకంలో ఆయన గురించి చదివిన విద్యార్థి ఎవరూ నన్ను ఈ ప్రశ్న అడగలేదు. భివండి పిల్లవాడు మొదటి రాత్రే అడిగాడు. "అత్తా, ఆయన మంచోడా కాదా? ఎరుక లేకుంట నేను వడ్లు ఎట్ల ఇయ్యాలె?" నేను చెప్పలేదు. వాడు ఇంట్లో ఉన్న వడ్లలో సగం దాచి సగం ఇచ్చాడు.

చాలా దేశాల్లో ఈ కథలు సత్రంలో మొదలవుతాయి, మావి కల్లు మండువలో. పాపన్న గౌడుల బిడ్డ కాబట్టి అది బలవంతంగా అతికించినట్టు ఉండదు. దొడ్డి కొమురయ్య కథనో చాకలి ఐలమ్మ కథనో ఎందుకు తీసుకోలేదని హన్మకొండ స్నేహితురాలు అడిగింది. వాళ్ళ ఊళ్ళు కడవెండి, పాలకుర్తి రెండూ మా జిల్లావే. రైతాంగ పోరాటం నాటి ఆ నెత్తుటి జ్ఞాపకం ఇంకా ఇళ్ళల్లో ఉంది. పాచిక వేసి దాని ఫలితం తేల్చడం నాకు చేతకాదు. మూడు వందల ఏళ్ళు గడిచిన కథ దగ్గర నాకు కాస్త ధైర్యం వచ్చింది.

నియమాలు కూడా ఇక్కడి నుంచే తీసుకున్నాం. ఇరవై ముఖాల పాచిక మా ఊళ్ళో ఎక్కడ దొరుకుతుంది? తెర మీద నొక్కితే తిరిగే పాచిక ఉంది కానీ దానికి చప్పుడుండదు, చేతిలో బరువుండదు. అష్టాచెమ్మా గవ్వలు ప్రతి ఇంట్లో ఉన్నాయి, లేకపోతే నాలుగు చింతపిక్కల్ని ఒక పక్క అరగదీసుకోవచ్చు. నాలుగు గవ్వలు వేస్తే ఎన్ని వెల్లకిలా పడ్డాయన్నది లెక్క. ఒకటి పడితే పని చెడుతుంది. రెండు పడితే పని అవుతుంది కానీ ఏదో ఒకటి పోగొట్టుకోవాలి. మూడు పడితే అనుకున్నట్టే అవుతుంది. నాలుగూ పడితే చెమ్మ, అన్నీ బోర్లా పడితే అష్ట. ఈ రెండింటికీ అనుకున్నదానికంటే ఎక్కువ మేలు, పైగా ఇంకోసారి వేయొచ్చు. బోర్లా పడితే చెడు అని మొదట రాసుకున్నాను. అష్ట పడినప్పుడు మనుషుల నోట వచ్చే సంతోషపు కేకను నియమం ఆపలేదని రెండో వారానికే తెలిసి మార్చేశాను.

దీనిలో లెక్క నాకు బాగా ఇష్టం. ఇరవై ముఖాల పాచికకు ఒకటి పడే అవకాశమూ ఇరవై పడే అవకాశమూ ఒక్కటే, నూటికి 5. నాలుగు గవ్వలు అలా కాదు. బోర్లా, వెల్లకిలా సమానంగా పడతాయనుకుంటే పదహారు రకాలుగా పడొచ్చు. వాటిలో రెండు తెరుచుకునేవి ఆరు, ఒకటి తెరుచుకునేవి నాలుగు, మూడు తెరుచుకునేవి నాలుగు, అష్ట ఒకటి, చెమ్మ ఒకటి. అంటే అన్నిటికంటే ఎక్కువసార్లు పడేది ‘అవుతుంది కానీ పోగొట్టుకోవాలి’. 2010లో విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ రాసిన ‘అపొకలిప్స్ వరల్డ్’ అనే ఆట కూడా రెండు మామూలు పాచికలతో ఇలాంటి నడిమి ఫలితానికే పెద్దపీట వేసింది. నిజం గవ్వ కాసులాంటిది కాదు, దాని వీపు గుండ్రన కాబట్టి ఒక వైపుకు ఒరుగుతుంది. మా తొమ్మిదో తరగతి పిల్లలతో గవ్వలు వేయించి, గీతలు గీయించి, పుస్తకంలోని సంభావ్యత పాఠం పక్కన పెట్టి చూపిస్తాను. ఆ పాఠం వాళ్ళు మర్చిపోరు.

చింతగింజల సంగతి చెప్పాలంటే మా గుట్ట గురించి చెప్పాలి. చిల్పూరు గుట్ట మీద బుగులు వేంకటేశ్వరస్వామి ఉన్నాడు. పెళ్ళి కోసం కుబేరుడి దగ్గర చేసిన అప్పు తీర్చలేక, ఆ బుగులుతో స్వామి ఈ గుట్టకు వచ్చి గుహలో తపస్సు చేశాడని స్థలపురాణం. బుగులు అంటే మా దగ్గర భయం, దిగులు, రెండూ కలిసిన గుండెదడ. దేవుడికి భయపడే హక్కు ఇచ్చిన ఊరు మాది. చిన్నప్పుడు పరీక్షల ముందు అవ్వ నన్ను ఆ గుట్ట ఎక్కించేది. "ఆయనకు ఎరుకే బిడ్డా, ఆయన గూడ బుగులు పడ్డోడే" అనేది.

అందుకే మా ఆటలో ప్రాణానికి అంకెలు లేవు, బుగులుకు ఉన్నాయి. పని చెడిన ప్రతిసారీ ఒక చింతగింజ ముందు పెట్టుకోవాలి. ఐదు చేరితే ఆ పాత్ర ఇక నిలబడలేదు, పారిపోవడమో కూలబడడమో చేయాలి. మందు తాగితే బుగులు తగ్గదు. రాత్రి ఎక్కడో ఒకచోట ఆగి, ఒక పాత్ర ఇంకో పాత్రకు తన గుండెలో ఉన్నది చెప్పుకుంటే, విన్నవాళ్ళు ఆ గింజను తమ ముందుకు తీసుకోవచ్చు. వేల మైళ్ళ దూరంలో ఒకరి గింజను ఇంకొకరు ఎలా తీసుకుంటారు? డల్లాస్‌లో ఒక గింజ పక్కకు పెడతారు, భివండిలో ఒక గింజ ముందుకు జరుపుతారు. కెమెరాలు వేసుకోం. మా ఊళ్ళో సిగ్నల్‌కు వీడియో ఆగదు, గొంతు మటుకే నిలుస్తుంది. ఎవరి గవ్వలు వాళ్ళ ఇంట్లో, ఎవరి గింజలు వాళ్ళ ముందు. పడింది పడినట్టు చెప్తారు. ఈ ఐదేళ్ళలో నాకు అనుమానం రాలేదు. ఒకటే పడిందని చెప్పేటప్పుడు గొంతులో వచ్చే ఆ నీరసాన్ని నటించడం కష్టం.

ఆన్‌లైన్‌లో నడపడంలో వేరే ఇబ్బందులున్నాయి. గొంతులు క్షణం ఆలస్యంగా వస్తాయి, ఇద్దరు ఒకేసారి మాట్లాడి ఇద్దరూ ఆగిపోతారు. మాట్లాడేవాళ్ళే మాట్లాడతారు, తక్కినవాళ్ళు మ్యూట్‌లో మాయమవుతారు. అందుకని పేరు పెట్టి పిలుస్తూ చుట్టు తిప్పుతాను. పొలంలో నాట్లు వేసేవాళ్ళ వరుసలా ఒకరి తర్వాత ఒకరు. నలుగురైదుగురు మించితే ఆ వరుస తిరిగి వచ్చేసరికి మొదటివాళ్ళకు నిద్ర వస్తుంది. రెండున్నర గంటలు దాటనివ్వను. మొదట్లో పోయిన వారం కథ నేనే చెప్పేదాన్ని. ఇప్పుడు అందరికంటే చిన్నవాడు చెప్తాడు, వాడు ఏం గుర్తుపెట్టుకున్నాడో దాన్నే కథగా తీసుకుంటాం. కరెంటు పోయి నేను మాయమైతే స్నేహితురాలు కథ అందుకుంటుంది. ఒకసారి నలభై నిమిషాలు రాలేదు. వచ్చేసరికి నేను ఎంతో దాచిపెట్టుకున్న రహస్యాన్ని ఆమె తెలియకుండానే మార్చేసింది. ఆమె చెప్పిందే బాగుంది, అదే ఉంచాం.

పటం మాత్రం తెర మీదే పెడతాను. ఈ ఆన్‌లైన్ వేదికల్లో పటమంతా నల్లటి మబ్బుతో కప్పి, పాత్రలు నడిచినకొద్దీ కథకురాలు కొంచెం కొంచెం తెరిచే ఏర్పాటు ఉంటుంది. మొదటిసారి అది చూసినప్పుడు నాకు చేర్యాల గుర్తొచ్చింది. ఒకప్పుడు మా ఉమ్మడి వరంగల్ జిల్లాలోనే ఉండి ఇప్పుడు సిద్దిపేటలో కలిసిన ఊరు. అక్కడి నకాషీ వాళ్ళు బారెడు బారెడు బట్ట మీద కథంతా అడ్డవరుసల్లో వేస్తే, కథకులు దాన్ని చుట్ట విప్పుతూ చెప్పేవాళ్ళు. కాకి పడగలవాళ్ళు, గౌడజెట్టిలు, మందెచ్చులవాళ్ళు, పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్ళు. చుట్టలో ఉన్నది విప్పేదాకా ఎవరికీ తెలియదు. భివండి పిల్లవాడిది పద్మశాలి కుటుంబం, తాతల నాడు మగ్గం వెతుక్కుంటూ పోయినవాళ్ళు. వాడి పాత్ర కూనపులివాడే. చంకలో పటం చుట్టతో ఊరూరా తిరుగుతాడు, ఆ చుట్టలో కత్తి కూడా దాస్తాడు.

వాడి గురించి ఇంకొంచెం చెప్పాలి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, వీధిలో హిందీ. తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. భివండిలో, సూరత్‌లో, సోలాపూర్‌లో ఇలాంటి పిల్లలు మనకు ఎంతమందో ఉన్నారు. వాళ్ళకు తెలుగు పుస్తకం ఇస్తే మూసిన తలుపు ఇచ్చినట్టే. ఈ ఆటకు అక్షరం అక్కర్లేదు, గొంతు చాలు. మొదట్లో వాడి మాటల్లో సగం హిందీ. ఒకనాడు కథలో సంతకు పోవాల్సి వచ్చింది. గంప, చాట, గుల్ల, ముంత, సుతిలి ఇవన్నీ కొనాలి. తెలియని మాట వచ్చినప్పుడల్లా మైకు మూసి లోపలికి పోయి నానమ్మను అడిగొచ్చేవాడు. మూడో వారానికి ఆ నానమ్మే మైకు దగ్గర కూర్చుని చిల్పూరు సంతలో తన చిన్నప్పుడు ఏ వరుసలో ఏం అమ్మేవాళ్ళో చెప్పింది. నేను పటం మార్చుకున్నాను.

అన్నీ ఇలా తీయగా జరగలేదు. పాపన్న కోట గేటు దగ్గరికి పాత్రలు చేరిన రాత్రి, కావలివాడి గొంతుతో నేను గట్టిగా అడిగాను. "ఆగుండ్రి. మీరేమోళ్ళు?" ఆ కాలంలో కులం అడగని కావలివాడు ఉండడు, చరిత్రకు కట్టుబడి ఉండాలని నా ఉద్దేశం. నర్సింగ్ చదివే అమ్మాయి పాత్ర పురుళ్ళు పోసే మంత్రసాని. ఆమె జవాబు ఇవ్వలేదు. కాసేపటికి మెల్లగా "జర ఆగు" అంది.

ఆ రెండు మాటలు మా నియమం. చాలా దేశాల్లో జాన్ స్టావ్రోపులోస్ రూపొందించిన ఎక్స్ కార్డ్ అనే పద్ధతి వాడతారు. ఎవరికైనా మనసుకు తగిలితే ఆ కార్డు ముట్టుకుంటే చాలు, కారణం అడగకుండా ఆ ఘట్టం ఆపేస్తారు. మా దగ్గర కార్డు లేదు, ‘జర ఆగు’ ఉంది. ఆపేశాం. కారణం మేం అడగలేదు, తనే చెప్పింది. ఆ వారమే నగరంలో అద్దెకు గది వెతుక్కుంటూ పోతే ఒక ఇంటావిడ గుమ్మంలో నిలబెట్టి అడిగిన ప్రశ్న అదే. శనివారం రాత్రి తను బుగులు దించుకోవడానికి వచ్చే చోట నేను అదే ప్రశ్న అదే మాటలతో వేశాను. పాపన్న వెంట నడిచినవాళ్ళలో చాకలి, మంగలి, కుమ్మరి, దూదేకుల, ఎన్ని కులాలవాళ్ళో, ముస్లింలూ ఉన్నారని జానపద గాథే చెప్తుంది. అంతమందిని లోపలికి రానిచ్చిన కోట గేటు దగ్గర నేను పెట్టిన కావలివాడు అలాంటివాడు! గేటును పటం మీంచి తీసేశాను. పాత్రలు కోట లోపల ఉన్నట్టే కథ కొనసాగింది.

మూడు వారాల తర్వాత ఆ అమ్మాయే అడిగింది. "మేడం, ఆ గేటు మళ్ళ పెట్టుండ్రి. ఈసారి నేను జవాబు చెప్త." పెట్టాను. అడగడానికి నాకు గొంతు పెగల్లేదు, అయినా అడిగాను. మీరేమోళ్ళు?

"నీకు దెబ్బ తాకిననాడు కట్టు గట్టేదాన్ని. నీ పెండ్లాం నొప్పులు వడేనాడు అర్ధరాత్రి ఉరికొచ్చేదాన్ని. గప్పుడు గూడ గిదే అడుగుతవా?"

గవ్వలు వెయ్యమని నేను అనలేదు. గేటు తీశాను. మైకులు తెరిచే ఉన్నాయి, మగ్గాల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. తర్వాత డల్లాస్ నుంచి తమ్ముడు "నా గింజల్ల ఒకటి తీసెయ్యొచ్చా అక్కా" అన్నాడు.

ఇదంతా బడిలో పిల్లలతో చేద్దామని పోయిన ఏడు తల్లిదండ్రుల సమావేశంలో ప్రస్తావించాను. నెలకు రెండు శనివారాలు మా పిల్లలూ, వేరే జిల్లాలోని ఒక బడి పిల్లలూ కంప్యూటర్ గదుల్లోంచి కలిసి ఆడేలా. ‘ఆన్‌లైన్ ఆట’ అన్న మాట నా నోట పూర్తి కాకముందే వెనక వరుసలో ఒక రైతు లేచాడు. "మేడం, మా పెద్దోడు ఫోన్ల ఆటలే ఆడిండు. మూడెకరాల్ల ఎకరం అమ్మి కట్టిన. ఇంకో ఆట ఇంట్లకు రానియ్య." గొంతు వణికింది. ఎవరూ మాట్లాడలేదు. ఆయన ముందు నిలబడి గవ్వల లెక్క చెప్పగలనా? ఆయన ఇంట్లో ఉన్నది మా గుట్ట మీది దేవుడి బుగులే, అప్పు బుగులు.

ఆ తండ్రి కోపం న్యాయం. ప్రభుత్వాలకూ ఆలస్యంగానైనా అర్థమైంది. తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. ఆ కేంద్ర చట్టం ఒక పని మంచిగా చేసింది: డబ్బు ఆటను వేరు చేసి, ఈ-స్పోర్ట్స్‌నూ వినోదం కోసం, నేర్చుకోవడం కోసం ఆడే ఆటలనూ పక్కన నిలబెట్టింది. చట్టం గీసిన ఆ గీతను మన ఇళ్ళల్లో, మన బళ్ళల్లో కూడా గీయమని నేను అడుగుతున్నాను. పందెం యాప్ పిల్లవాణ్ణి ఒంటరిగా దుప్పటి కింద కూర్చోబెడుతుంది, వాడు ఓడితేనే దానికి లాభం. మా ఆటలో ఒక్కడు కూర్చుంటే ఆటే మొదలవదు. వాడు మాట్లాడాలి, ఎదుటివాడి మాట వినాలి, జవాబు ఆలోచించాలి. ఆ సమావేశం తర్వాత ఆన్‌లైన్ మాట వదిలేసి, ముందు తరగతి గదిలోనే, ఫోను లేకుండా, గవ్వలతో మొదలుపెట్టాను. ఆ రైతు చిన్న కొడుకు మూడో రోజు నుంచి వస్తున్నాడు. తండ్రిని అడిగి వచ్చాడా అని అడిగాను. "అడిగిన మేడం, పైసలు లేవు అని చెప్పిన" అన్నాడు.

తెలుగులో ఈ ఆటకు ఏముంది అని అడిగేవాళ్ళకు ఒక సంగతి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూల నియమాల పత్రాన్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేశారు. అదే ఏడు ఫ్రెంచ్, ఇటాలియన్, జర్మన్, స్పానిష్ భాషల్లోనూ ఇచ్చారు. ఎవరు రాశారో చెప్పి ఎవరైనా అనువదించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, రుసుము కట్టనక్కర్లేదు. తెలుగు విశ్వవిద్యాలయం, అమెరికాలోని తెలుగు సంఘాలు, బాలసాహిత్యం వేసే ప్రచురణకర్తలు తలుచుకుంటే అదేమంత పెద్ద పని కాదు. కానీ నా మనసుకు నచ్చే పని వేరే. అనువాదం చేస్తే మళ్ళీ ఆ సత్రమూ ఆ మరుగుజ్జులే తెలుగు మాట్లాడతారు. 2022లో వచ్చిన ‘జర్నీస్ త్రూ ద రేడియంట్ సిటడెల్’ అనే సాహసాల పుస్తకంలో మిమీ మొండల్ బెంగాల్ నేల వాసనతో ఒక కథ రాసింది, నదులూ అడవులూ ఆమె ఊరివి. మనకు అలాంటివి కావాలి. కోయగూడేల అడవుల్లో నడిచేది ఒకటి, గోదావరి లంకల్లో పడవ మీద నడిచేది ఒకటి, పలమనేరు సంతలోనో నల్లమల చెంచు పెంటల్లోనో నడిచేది ఒకటి. ఇరవై పేజీలు చాలు: ఒక ఊరు, నలుగురు మనుషులు, ఒక చిక్కు, గవ్వల నియమాలు. జిల్లా గ్రంథాలయాల్లో వేసవి సెలవుల్లో ఒక బల్ల, ఒక హెడ్‌ఫోన్. రాసేవాళ్ళుంటే నా వంతు పేజీలు నేను రాసిస్తాను.

పోయిన శనివారం సంగతి. పాత్రలు రాత్రికి రాత్రి కోట నుంచి మా ఊరి వైపు బయల్దేరాయి. నేను తొవ్వ వర్ణిస్తున్నాను: రాళ్ళు, తుమ్మచెట్లు, గడ్డి. పక్క గదిలోంచి అమ్మ గొంతు. "గా తొవ్వల వాగు ఉంటది. నువ్వు వాగును ఎటు వొగొట్టినవ్?" హెడ్‌ఫోన్ పెట్టుకున్నా మైకులోంచి అందరికీ వినిపించింది. భివండి పిల్లవాడు వెంటనే అందుకున్నాడు. "అమ్మమ్మా, వాగు లోతెంత ఉంటది?"

అమ్మ తలుపు తోసుకుని వచ్చి మంచం మీద కూర్చుంది. "ఏ నెలల పోతున్నరు?"

శ్రావణం అన్నాను.

"ఎండకాలమైతె మోకాలు లోతు. శ్రావణంల దాటొద్దు బిడ్డా. ఒడ్డుకు కూసోవాలె, నీళ్ళు తగ్గేదాంక."

దాటుదామని ఎవరూ అనలేదు. ఆ రాత్రి అందరూ వాగు ఒడ్డున కూర్చున్నారు, అమ్మ పళ్ళెంలోంచి గవ్వలు తీసి చేతిలో ఆడిస్తూ వింటోంది.